ఇదే ఆఖరి మిట్ట

మా బావ పేరు అమెదే. అబద్ధం చెప్పుకుని బతుకుతాడు. చాటున అనే మాట కాదిది. ఆయన ఎదుటే, నలుగురూ వింటుండగానే అంటాను. ఆయనకు కోపం రాదు. "అబద్ధాలు అనలేదు చూశారా, ఒక్క అబద్ధం అన్నాడు. మా బావమరిది ధర్మాత్ముడు," అంటాడు. నిజమే, ఆయన చెప్పేది ఒక్కటే. ఎత్తు రోడ్డు మొదలయ్యే చోట సైకిల్ ఆపి, వెనక్కి తిరిగి, చెమటలు కక్కుతూ వస్తున్న వాళ్లందరినీ కన్నబిడ్డల్ని చూసినట్టు చూసి, "ఇదే ఆఖరి మిట్ట. ఆ తర్వాత అంతా చదునే," అంటాడు.

ఫ్రాన్సులో మా బోజొలే కొండల్లో చదునైన చోటంటూ ఒకటుంటే అది మా అక్క యొలాంద్ వంటింటి బల్ల. దానికీ ఒక కాలు పొట్టి. మా ఊరు మోంరెవెల్‌లో రొట్టె కొనాలంటే దిగాలి, కొన్న రొట్టెతో ఎక్కాలి. చర్చికి ఎక్కాలి, బారుకు దిగాలి. ఆదివారం పూట జనం ఎక్కడ ఎక్కువుంటారో వేరే చెప్పక్కర్లేదు. ద్రాక్షతోటలన్నీ వాలులోనే. కొమ్మలు కత్తిరించే రోజుల్లో కొండ మీదివాళ్లనీ కింది వాళ్లనీ నడక చూసే పోల్చుకోవచ్చు.

ఈ రోడ్ల మీద బావ పైదేశాల వాళ్లను సైకిళ్లపై తిప్పుతాడు. ఒక నేలమాళిగలో వైన్ రుచి చూపించి, కొండ ఎక్కించి, ఇంకో నేలమాళిగలోకి దింపుతాడు. వెనకాల వ్యాను తోలేది నేను. వాళ్ల పెట్టెలు, గాలి పంపు, ట్యూబులు, మధ్యాహ్నానికి సాసేజీలు, మేకపాల జున్ను, కాళ్లెత్తేసిన మనుషులు, అన్నీ నా వ్యానులోనే. నేను మాత్రం సైకిలెక్కను. ఒకరు ముందు కూర్చుని స్టీరింగు పట్టుకోవాలి కదా. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను చూసినవన్నీ వీపులే. వీపు చూసి చెప్పగలను, వీడు ఏ వంపు దగ్గర నా తలుపు తడతాడో.

బావ చెప్పేది అబద్ధమని రెండో మిట్ట దగ్గరే అందరికీ తెలిసిపోతుంది. అయినా మూడో మిట్ట దగ్గర నమ్ముతారు. నాలుగో మిట్ట దగ్గర తమ భాషలో ఏవో తిట్లు తిడతారు, నమ్ముతారు. పైకి చేరాక బావ సంచీలోంచి అడుగు మందంగా ఉండే మా ఊరి సీసా తీసి, చిన్న గ్లాసుల్లో చల్లటి వైన్ పోసి, చాకుతో సాసేజీ ముక్కలు కోసి చేతుల్లో పెడతాడు. ఇక తిట్టినవాళ్లే ముద్దులు పెడతారు.

క్షమించని మనిషి ఒక్కతే. ఆమెను ఆయన పెళ్లి చేసుకున్నాడు.

పెళ్లికి మా మేనమామ రెండు సైకిళ్లిచ్చాడు, ఆకాశం రంగువి. కొత్త దంపతులు వాటి మీదే విహారానికి బయల్దేరారు. క్లూనీ దాకా అక్కకు తెలిసిన రోడ్డే. అక్కణ్నుంచి అవతల బావ కుర్రతనంలో పందేలు తొక్కిన కొండలు. అక్కడ మొదలుపెట్టాడు, ఇదే ఆఖరి మిట్ట అని. కొత్త పెళ్లికూతురు నమ్మింది. మళ్లీ అన్నాడు, మళ్లీ నమ్మింది. సాయంత్రానికి ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో ఇద్దరూ రెండు లెక్కలు చెబుతారు. చివరికి అక్క సైకిల్ దిగి, దాన్ని ఎవరిదో ద్రాక్షతోటలోకి తోసేసి, ఎవరిదో ట్రాక్టరు ఆపి ఎక్కి కూర్చుంది. ఆ ట్రాక్టరు వెనక బావ రెండు సైకిళ్లు నడిపించుకుంటూ దిగాడట. ఆ తర్వాత నలభై ఐదేళ్లు అక్క సైకిలెక్కలేదు. ఆ మాట ఇంట్లో అనకూడదని కూడా తీర్మానించింది. బయట ఎవరికైనా చెప్పుకో, నాకు వినబడితే చారుతో సరిపెట్టుకోవాలి అంది. బావ ఎన్నో రాత్రులు చారుతో సరిపెట్టుకున్నాడు.

నిరుడు ద్రాక్షకోతలు ముగిసిన రోజున, విందుకని పెద్ద రాగి బాణలి దింపబోయి అక్క కుర్చీ మీంచి పడింది. తుంటి విరిగింది. ఆస్పత్రిలో కొత్త తుంటి పెట్టారు.

"నేను సైకిల్ మీంచి పడలేదని గుర్తుంచుకోండి. కుర్చీ మీంచి పడ్డాను," అని మంచం మీంచి అందరికీ చెప్పింది.

"సైకిలెక్కడం మానకపోతే కుర్చీ మీంచి పడేదానివి కాదు," అన్నాడు బావ.

ఆస్పత్రిలో ఉంది గనక చారు ఆమే తాగాల్సొచ్చింది. లేకపోతే ఆ రాత్రి ఎవరు తాగేవారో చెప్పాలా.

ఇదంతా మామూలు సంవత్సరమైతే ఇంతటితో సరిపోయేది. కాని ఈ సంవత్సరం నాలుగుల సంవత్సరం. మా వైపు పుట్టిన ఏడాదికి చివర ఏ అంకె ఉంటే అదే కులం, అదే గోత్రం. నాలుగులో పుట్టినవాళ్లంతా నాలుగువాళ్లు. పదేళ్లకోసారి మా వంతు వస్తుంది. ఇరవై నిండినవాళ్లు ఒక వరుస, ముప్పై నిండినవాళ్లు ఒక వరుస, అలా తొంభై దాకా. మగవాళ్లకూ ఆడవాళ్లకూ అందరికీ నల్లటి ఎత్తు టోపీ, దానికి వయసును బట్టి రంగు రిబ్బను. అరవైకి నీలం, డెబ్బైకి ఊదా. వరుసలో అందరూ చేతుల్లో చేతులు మెలేసుకుని, వీధి ఈ గోడ నుంచి ఆ గోడకు ఊగుతూ నడవాలి. దాన్ని అల అంటాం. ముందు బ్యాండు మేళం. కింది చౌరస్తా నుంచి చర్చి దాకా, అంటే అచ్చంగా ఎత్తుకే. ఒక్కరి కాలు తడబడితే వరుసంతా మడతపడుతుంది.

అల నడవలేని వాళ్ల కోసం ట్రాక్టరు బండి ఒకటి ముందు పోతుంది. దానికి పూలు కడతారు, కుర్చీలేసి మెత్తలేస్తారు, మోకాళ్ల మీద దుప్పట్లు కప్పుతారు. అందులో కూర్చున్నవాళ్లు అటూ ఇటూ చేతులూపాలి.

ఇరవయ్యేళ్ల అలలో అక్క కుడి చివర నడిచింది. చివరివాళ్లే ఎక్కువ పరుగెత్తాలి, అందుకే ఆ చోటు పట్టుబట్టి తీసుకుంది. ఆమె పక్కన నడవాల్సినవాడికి ఆ ఉదయం జ్వరమొచ్చింది. లోయలోంచి సైకిళ్లు బాగుచేసే పనికి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు, వాడూ నాలుగువాడే, ఆ ఖాళీలో చేయి దూర్చాడు. చర్చి దాకా వెళ్లాక తీయడం మరిచిపోయాడు. ముప్పైకి, నలభైకి, యాభైకి, అరవైకి అదే చివర, అదే చేయి. ఇప్పుడు డెబ్బై. నాకిది అరవయ్యోది, నీలం రిబ్బను.

ఫిబ్రవరిలో ఫెలిసియెన్ వచ్చాడు. ఆయన డెబ్బైల వరుసకు పెద్ద, ద్రాక్షతోటలూ నేలమాళిగా ఉన్నవాడు, మెత్తగా మాట్లాడేవాడు. పంచదార చల్లిన బూన్యెల పొట్లం బల్ల మీద పెట్టాడు. ఆ కాలంలో మా ఇళ్లలో అందరూ వేయించుకునేవే అవి. అక్క చేతికర్ర గోడకు ఆనించి ఉంది.

"యొలాంద్, బండిలో ముందు కుర్చీ నీకే పెడుతున్నా. మెత్త కూడా మా ఇంట్లోదే, ఈకలది," అన్నాడు.

"ఏ బండి?" అంది అక్క, తెలిసే.

"అదే, పూలబండి. నీకు ఇబ్బంది కాకూడదని."

"ఆ బండిలో ఎవరెవరుంటారు?"

"తొంభైలవాళ్లు ఇద్దరు. ఎనభైలవాళ్లు కొందరు."

"మరి నాకు డెబ్బై కదయ్యా. నేను వయసుకు మించి పెద్దదాన్నయ్యానా?"

"అబ్బే, అది కాదు. వరుస సంగతి కూడా చూడాలి కదా. నువ్వు తడబడితే అందరం పడతాం. పదిమందీ అంటున్నారు, నేనొక్కణ్నీ కాదు."

అక్క ఒక బూన్యె తీసి సగానికి విరిచింది. "నేను ఊపడానికి చేతులు పెట్టుకు పుట్టలేదు, ఫెలిసియెన్. చివర నడుస్తాను. కుడి చివర."

ఆయన వెళ్లిపోయాక అక్క ఏడ్చింది. నేను చూశాను. మా అక్క ఏడవడం నాకు బొత్తిగా పడదు, వెంటనే ఎవరినో ఒకరిని కొట్టాలనిపిస్తుంది. ఫెలిసియెన్ అప్పటికే మలుపు దాటిపోయాడు గనక మిగిలిన బూన్యెలన్నీ నేనే తినేశాను.

మర్నాడు డాక్టరు దగ్గరికి వ్యానులో తీసుకెళ్లాను. మే నెలలో పండగకల్లా ఎత్తు వీధిలో ఊగుతూ నడవాలంటే ఏం చేయాలని అడిగింది. కండ గట్టిపడాలన్నాడాయన. నడక ఒక్కటే చాలదు, సైకిల్ తొక్కమ్మా, తుంటి మీద బరువు పడదు అన్నాడు. రాత్రి భోజనాల దగ్గర అక్క చెంచా కింద పెట్టి అడిగింది.

"అమెదే, నా సైకిలేదీ?"

బావ లేచి కొట్టంలోకి వెళ్లాడు. దుప్పటి తీశాడు. ఆకాశం రంగు సైకిల్, అద్దంలా మెరుస్తోంది. ఎవరూ ఎక్కని సైకిల్‌కు నలభై ఐదేళ్లుగా వసంతం వచ్చినప్పుడల్లా చైనుకు నూనె వేస్తున్నాడు, టైర్లు మారుస్తున్నాడు. ఈ సంగతి నాకూ తెలియదు. కొట్టంలో ఆయన ఒక్కడూ అంతసేపేం చేస్తాడా అని మేము వేరే ఏదో అనుకునేవాళ్లం.

అక్క చాలాసేపు దాన్ని చూసింది. మెచ్చుకుంటుందని బావ నిలబడ్డాడు.

"చూడు," అంది చివరికి. "నన్ను నీ గిరాకీల్లో కలపొద్దు. ఎంత ఎత్తుందో అంతే చెప్పాలి. ఎన్నున్నాయో అన్నీ చెప్పాలి. ఆ మాట ఒక్కసారి నీ నోట వచ్చిందా, దిగిపోతా. ఈసారి సైకిల్‌ని కాదు, నిన్ను తోస్తా తోటలోకి."

"ఒట్టు," అన్నాడు బావ.

మార్చిలో చౌరస్తా చుట్టూ తిరిగింది. రెండు వారాలకు రొట్టెల కొట్టు దాకా దిగి ఎక్కింది. బావ గేర్లు మార్చి చిన్నవి వేశాడు. ఏప్రిల్‌లో అతిథులు దిగారు. పని మానుకునే వీలు లేదు, అక్క సాధన ఆగే వీలూ లేదు. అందుకని అందరికన్నా వెనకగా, నా వ్యానుకు ముందుగా అక్క తొక్కడం మొదలుపెట్టింది. నేను చూసే వీపుల్లో మా అక్క వీపొకటి చేరింది.

చిక్కొచ్చింది అక్కడే. మొదటి మిట్ట దగ్గర బావ సైకిల్ ఆపి, వెనక్కి తిరిగి, ప్రేమగా చూసి, నోరు తెరిచాడు. అక్క కనబడింది. నోరు మూసుకున్నాడు. మళ్లీ తెరిచాడు.

"దీని తర్వాత ఇంకా ఆరున్నాయి," అన్నాడు. "నాలుగోది మరీ ఘోరం."

ఆ వారం వచ్చినవాళ్లలో యోస్ట్ అని ఒక డచ్చాయన ఉన్నాడు. గుర్రమంత మనిషి. వాళ్ల దేశంలో వంతెన తప్ప ఎక్కడానికి ఏమీ లేదట. ఆయన సైకిల్ దిగి, నెమ్మదిగా నడిచొచ్చి నా తలుపు తట్టాడు. నాలుగో మిట్టకల్లా ఆయన భార్య, ఇద్దరు బెల్జియం అక్కచెల్లెళ్లు, ఇంకో ముసలాయన, అందరూ నా వ్యానులో ఉన్నారు. సాసేజీలు నా ఒళ్లో పెట్టుకోవాల్సొచ్చింది. ఫెలిసియెన్ నేలమాళిగ దగ్గరికి సైకిల్ మీద చేరినవాళ్లు బావా, అక్కా, అంతే.

ఫెలిసియెన్ గ్లాసుల్లో పోస్తూ, "ఏవయ్యా అమెదే, ఇప్పుడు బస్సు యాత్రలు పెట్టావా?" అన్నాడు.

యోస్ట్ తన గ్లాసు పట్టుకుని బావ దగ్గరికొచ్చాడు. పాపం, మర్యాద గల మనిషి. మా భాష ఒక్కో మాటా పీపాలోంచి తోడినట్టు తోడి తోడి మాట్లాడతాడు.

"నిరుడు మా అన్న మీతో వచ్చాడు. మీరు చాలా బాగా అబద్ధం చెబుతారని చెప్పాడు. అది వినాలనే మేం వచ్చాం. మావల్ల ఏమైనా తప్పు జరిగిందా?"

"లేదండీ. నేను మారాను," అన్నాడు బావ.

"ఎందుకు?" అన్నాడు యోస్ట్, నిజంగా బాధపడుతూ.

బావ అక్క వైపు చూశాడు. అక్క పీపాల మీద దుమ్ము చూస్తున్నట్టు అటు తిరిగింది. కాని వింటోంది. మా అక్క చెవులు నాకు తెలుసు, అవి కూడా వీపు మీదికి వచ్చి వింటాయి.

రెండు రోజుల తర్వాత షిరూబ్ల్ ఊరి మీదుగా అవెనాస్ కనుమ ఎక్కించాలి. మా కొండల్లో పెద్దది అదే. అక్కా వస్తానంది. అది ఎక్కితే చర్చి వీధి ఓ లెక్కా అంది. బావ వద్దన్నాడు, నేను వద్దన్నాను. దానితో ఖాయమైపోయింది.

పొద్దున మంచు పట్టి ఉంది. తోటలు దాటేదాకా అక్క బాగానే తొక్కింది. తోటలు అయిపోయి అడవి మొదలయ్యే చోట రోడ్డు లేచి నిలబడుతుంది. యోస్ట్, అతని భార్య ముందున్నారు. వాళ్లు ఆ రోజు పట్టుదలగా వ్యానెక్కలేదు, ఎక్కితే సాసేజీ పెట్టనని నేను చెప్పాను. బావ ప్రతి వంపు దగ్గరా ఆగి అక్కకు ఉన్నదున్నట్టు చెబుతున్నాడు.

"ఇంకా పదకొండు వంపులు."

కాసేపటికి, "ఇంకా తొమ్మిది. గాలి ఎదురుంది."

అక్క వీపు చూస్తున్నాను. తొమ్మిది అన్నప్పుడు భుజాలు దిగాయి. ఎనిమిది అన్నప్పుడు కుడి మోకాలు బయటికి తిరిగింది. ఏడు అనేసరికి అక్క ఆగిపోయింది. ఒక కాలు రోడ్డు మీద పెట్టి, హ్యాండిల్ మీదికి వాలింది. నేను వ్యాను ఆపి దిగాను. తలుపు తీసిపెట్టాను కూడా. బావ సైకిల్ రోడ్డు పక్కన పడేసి వెనక్కి పరుగెత్తుకొచ్చాడు.

"చాలు యొలాంద్. చాలా ఎక్కావు. వ్యానులో కూర్చో."

"వ్యానులో కూర్చుంటే బండిలో కూర్చున్నట్టే," అంది అక్క ఊపిరి అందక. "ఫెలిసియెన్ గాడి ఈకల మెత్త మీద కూర్చున్నట్టే."

"మరేం చెయ్యను? ఏడు వంపులున్నాయి. లేవని ఎలా చెప్పను?"

అక్క తలెత్తింది. జుట్టంతా చెమటకు నుదుటికి అంటుకుంది.

"చెప్పు."

"ఏం చెప్పను?"

"వాళ్లకు చెప్పేది."

బావ నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. భార్యాభర్తల మధ్య వ్యాను తోలేవాడు ఆకాశం వైపే చూడాలి.

"ఒట్టు పెట్టించుకున్నావు," అన్నాడు.

"ఇప్పుడు తీసేస్తున్నా. చెప్పు."

"వద్దు."

"ఎందుకు వద్దు? నలభై ఐదేళ్లు ఊళ్లో వాళ్లందరికీ, సముద్రం అవతలి వాళ్లకీ చెప్పావు. కట్టుకున్న పెళ్లాం అడిగితే నోరు రాదా?"

బావ టోపీ తీసి చేతిలో నలిపాడు. ఆయన అప్పుడన్న మాట విన్నాక ఇక ఆయన్ని అబద్ధాలకోరని అనడానికి నాకు కొన్ని రోజులు మనసు రాలేదు.

"వాళ్లకు చెప్పడం వేరు. మన వయసులో ఆ మాట నీతో అనాలంటే భయంగా ఉంది, యొలాంద్. ఇదే ఆఖరిదని అంటే, నిజమైపోతుందేమోనని."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పైనుంచి యోస్ట్ వంపు దగ్గర ఆగి, ఏమీ అర్థంకాక చేయి ఊపుతున్నాడు.

"నీ నోట్లోంచి వచ్చింది ఏది నిజమైంది గనక?" అంది అక్క. "అను."

బావ టోపీ పెట్టుకున్నాడు. సైకిలెక్కాడు. వెనక్కి తిరిగాడు. ప్రేమగా చూశాడు. ఈసారి ఆ చూపు గిరాకీల కోసం కాదు.

"ఇదే ఆఖరి మిట్ట," అన్నాడు. "ఆ తర్వాత అంతా చదునే."

"దొంగ వెధవ," అంది అక్క, పెడలు మీద కాలేసింది.

తర్వాతి వంపు దగ్గర మళ్లీ అన్నాడు. అక్క మళ్లీ తిట్టింది. ఆ పై వంపు దగ్గర యోస్ట్ కూడా అందుకుని గట్టిగా అరిచాడు, తన భాష కలిపి, ఇదే ఆఖరి మిట్ట అని. ఆయన మొహం చూడాలి, అన్న చెప్పిన వస్తువు ఎట్టకేలకు దొరికినట్టుంది. ఏడు వంపులకూ ఏడు తిట్లు. అక్క దగ్గర అన్ని రకాలున్నాయని తోబుట్టువునైన నాకే తెలియదు. కనుమ మీద అక్క సైకిల్ దిగలేదు, సైకిలే ఆమె కింద ఆగిపోయింది. మంచు విడిపోయి, కింద సోన్ నది మైదానమంతా బల్లపరుపుగా పరుచుకుని ఉంది. అది అక్కకు చూపించి, "చూశావా, చదునంటే నమ్మవు," అన్నాడు బావ. అక్క మొదటి గ్లాసు తాగి, రెండోది అడిగింది.

పండగ మే నెలలో వచ్చింది. పొద్దున్నే చౌరస్తాలో బ్యాండు మోగుతోంది. అక్క నల్లటి టోపీకి ఊదా రిబ్బను కుట్టుకుంది, చేతికర్ర ఇంట్లో వదిలేసింది. ఫెలిసియెన్ ఆమెను చూసి టోపీ ఎత్తాడు. కాని పూలబండిలో ముందు కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద ఈకల మెత్త ఉంది.

"అవసరమైతేనే," అన్నాడు మెత్తగా. "ఎవరికి ఎప్పుడేం అవసరమొస్తుందో."

మా ఊళ్లో పెద్దవాళ్లే ముందు నడుస్తారు. ట్రాక్టరు బండి కదిలింది, తొంభైలవాళ్లు చేతులూపారు. దాని వెనక నడవగలిగిన ఎనభైలవాళ్లు నలుగురైదుగురు, ఆ వెనక డెబ్బైల అల, కుడి చివర మా అక్క, పక్కన బావ చేయి. మధ్యలో ఫెలిసియెన్. వాళ్ల వెనక మా అరవైల వరుస. ఇక్కడా నాకు వాళ్ల వీపులే. ఊగుతూ ఎడమ గోడకు పోయారు, కుడి గోడకు వచ్చారు. కుడికి వచ్చినప్పుడల్లా అక్క పరుగుపెట్టాలి. పెట్టింది. జనం గోడల మీంచి, కిటికీల్లోంచి ఆమె పేరు పెట్టి పిలుస్తున్నారు.

పాత చాకిరేవు దగ్గర వంపులో వీధి ఇంకా ఎత్తవుతుంది. అక్కడ వరుస నడుం వంగింది. అక్క దగ్గర కాదు, మధ్యలో. ఫెలిసియెన్ మెడ ఊదా రిబ్బనంత ఊదాగా ఉంది. అడుగు పడటం లేదు. ఆయన ఎటు చూస్తున్నాడో వెనకనుంచి కూడా నాకు తెలిసింది. ముందు బండిలో, పూల మధ్య, తన సొంత మెత్త వైపు చూస్తున్నాడు. ఆయనకు రెండు పక్కలా ఉన్నవాళ్లు ఆయన బరువు మోస్తున్నారు, వాళ్ల పక్కవాళ్లు వాళ్ల బరువు. ఇంకొక్క అడుగుకు అలంతా మడతపడేదే.

అక్క వంగి వరుస పొడుగునా చూసింది. ఆమె ఏమన్నా చెల్లేది. ఫిబ్రవరి నుంచి దాచుకున్న మాటలు ఎన్నో ఉన్నాయని నాకు తెలుసు.

"ఫెలిసియెన్," అని కేకేసింది, బ్యాండును మించి. "ఇదే ఆఖరి మిట్ట. ఆ తర్వాత అంతా చదునే."

వరుసంతా ఒక్కసారి నవ్వింది. ఫెలిసియెన్ కూడా నవ్వాడు. నవ్వినప్పుడు ఊపిరి లోపలికి పోయింది, పోయిన ఊపిరితో కాలు లేచింది. ఆ మాట పుట్టించినవాడు మా బావ. టోపీ అంచు కింద ఆయన చెవులు ఎర్రగా అయిపోవడం చూశాను. అక్క ఆయన చేయి ఇంకాస్త గట్టిగా మెలేసింది. అల ఎడమ గోడకు పోయింది, కుడి గోడకు వచ్చింది, చర్చి మెట్ల దాకా వెళ్లింది. మెత్త మీద ఎవరూ కూర్చోలేదు.

ఇక నా సంగతి. ఆ వీధిలోనే పుట్టాను. చాకిరేవు వంపు తర్వాతే అసలు ఎత్తుందని చిన్నప్పటి నుంచి తెలుసు. ఆ మాట వ్యానులో కూర్చుని వేలసార్లు విన్నాను, విన్నప్పుడల్లా నవ్వాను. ఆ రోజు రెండు పక్కలా నా ఈడువాళ్ల చేతుల్లో వేలాడుతూ, జీవితమంతా తిన్న సాసేజీలు కడుపులో బరువెక్కి, కళ్లముందు చుక్కలు కనబడుతుంటే, ముందు వరుస నుంచి అక్క గొంతు వినబడింది. నేను నవ్వలేదు. నమ్మి ఎక్కాను.